పసుపనుకున్న గులాబీలు

మా ఆయనకి ఒకటి తోచిందంటే అది అయ్యేదాకా ఇంట్లో ఎవరికీ స్థిమితం ఉండదు. ఆ వేసవి సెలవులు మొదలవగానే ఆయనకి తోచినవి గులాబీలు. అలాంటిలాంటివి కాదు, బటన్ గులాబీలు. మోకాలి ఎత్తు కూడా పెరగని చెట్లకి కోటు గుండీ కన్నా కాస్త పెద్దగా పూస్తాయే, అవి. రంగు కూడా ఆయనే తేల్చేశాడు. ముందు గోడ పొడుగునా పసుపే ఉండాలి, మధ్యలో ఇంకో రంగు కంటికి ఆనకూడదు.

"ఏడాదంతా పసుపు బస్సులోనే కదా కూర్చుంటారు. ఇంటికొచ్చి కూడా పసుపేనా?" అన్నాను.

"నీకు తెలీదులేవే. పసుపైతే దూరాన్నించి కూడా కంట్లో పడుతుంది" అన్నాడు.

ఆయన స్కూలు బస్సు డ్రైవరు. నేను ఇంట్లో మిషన్ మీద అదే స్కూలు పిల్లలకి యూనిఫారాలు కుడతాను. సెలవుల్లో ఆయనకి పనుండదు, నాకు తల దువ్వుకునే తీరికుండదు. ఆయన సరదాలన్నీ సరిగ్గా అప్పుడే పుట్టుకొస్తాయి. ఆ పొద్దున కూడా మెడలో టేపు తియ్యడం మర్చిపోయి అలాగే నర్సరీకి వెళ్ళాను.

నర్సరీ ఆవిడది గొట్టంతో నీళ్ళు కొడుతున్నా ఆ చివర్నించి ఈ చివరికి వినబడే గొంతు. "విచ్చిన పువ్వు చూసి మోసపోకమ్మా! పసుపు ఎండకి వెలిసిపోయి తెల్లబడుతుంది. అసలు రంగు మొగ్గలో ఉంటుంది, మొగ్గ చూసి ఏరుకో. ఆకు వెనక్కి తిప్పి సన్నటి బూజు ఉందేమో అదీ చూసుకో" అంది.

నేను బుద్ధిగా ఒక్కో కుండీ దగ్గర కూర్చుని మొగ్గ చూస్తూ, ఆకు తిప్పుతూ ఉన్నాను. పసుపులో కూడా ఎన్ని రకాలో! నిమ్మకాయ రంగుది ఒకటి, గుడ్డు సొన లాంటిది ఒకటి, అంచుల్లో ఎరుపు తిరిగింది ఒకటి. నేను రెండు ఏరేలోపు ఆయన ట్రే నిండా కుండీలు సర్దేసుకుని వచ్చాడు. చూస్తే అందులో సగం తెల్లవి.

"ఇవేంటండీ, తెల్లవి పెట్టారు?"

"తెల్లవేంటి? పసుపే. ఎండకి వెలిశాయి. ఆవిడ ఇప్పుడేగా చెప్పింది!"

నేను ఒక మొగ్గ వేళ్ళతో పట్టుకుని చూపించాను. పాలలా ఉంది. నర్సరీ ఆవిడ పడీపడీ నవ్వింది. "మీ ఆయన పువ్వుల్ని చూసి ఏరలేదమ్మా, నీ మొహం చూస్తూ ఏరాడు!" అంది. నేనూ నవ్వాను. ఆయన నవ్వలేదు. చెవులు ఎర్రబడ్డాయి. "నాకు నచ్చినవి నేను పెట్టుకున్నాను, ఇవే కట్టివ్వండి" అని విసురుగా ఇటు తిరిగాడు. తిరిగి, నీడ కోసం కట్టిన పరదా తాలూకు ఇనప స్తంభానికి ఎడమ భుజం ఠప్పున కొట్టుకున్నాడు.

"సారీ అండీ, చూసుకోలేదు" అన్నాడు స్తంభంతో.

నర్సరీ ఆవిడ గొట్టం కింద పడేసి మరీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది కానీ స్తంభాన్ని చూశాక ఆగిపోయింది. ఆ స్తంభం నా నడుమంత లావుంది. దానికి కొట్టొచ్చినట్టు కనబడే ఆకుపచ్చ రంగు కూడా వేశారు.

తెల్లవి వెనక్కి పెట్టించలేదు. పెట్టమంటే ఆయన మొహం ఎలా అయిపోతుందోనని ఏమీ అనకుండా అన్నీ తెచ్చాను. గోడ పక్కన ఆయన గోతులు తీశాడు, నేను మట్టి కప్పాను. ఆ సాయంత్రం మా అమ్మాయి తన కూతుర్ని తీసుకుని వచ్చింది. ఆ మనవరాల్ని మేము పిడుగు అంటాం. అది ఇంట్లో ఉందంటే వస్తువేదీ ఉన్నచోట ఉండదు.

"అన్నీ పసుపే పెడతానని ఊరంతా టముకు వేశావు కదా నాన్నా, సగం తెల్లవేగా?" అంది అమ్మాయి.

ఆయన పార పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. గులాబీల వైపు చూశాడు, అమ్మాయి వైపు చూశాడు. ఏవి తెల్లవో ఆయనకి తెలియడం లేదని ఆ చూపులో నాకు అర్థమైంది.

"నేనే కలిపి తెచ్చానులే. ఒకటే రంగైతే మొహం మొత్తుతుంది" అన్నాను.

ఆయన నా వైపు ఒక్కసారి చూసి మళ్ళీ మట్టి తవ్వడం మొదలుపెట్టాడు.

అప్పట్నించీ ఆయన్ని చూడటం మొదలుపెట్టాను. పెళ్ళయి ఇన్నేళ్ళయినా మొగుణ్ణి అంత శ్రద్ధగా ఎప్పుడూ చూసిన పాపాన పోలేదు. టీ కప్పు కుడి పక్క పెడితే తాగేవాడు, ఎడమ పక్క పెడితే "టీ ఏదే?" అని కేకేసేవాడు. గుమ్మం దాటేముందు ఎడమ చెయ్యి చాచి తలుపు చెక్క తడిమేవాడు. జేబు అంచుకి కుట్టడానికి పసుపు దారం అందించమంటే తెల్లది ఇచ్చాడు. కాదండీ, పసుపుది అంటే, అదే పెట్టెలోంచి ఇంకో తెల్లది తీసిచ్చి, "కళ్ళు కనబడట్లేదా నీకు?" అని నన్నే కసిరాడు. నాకు భయం పట్టుకుంది.

అయినా మనసు ఏదో ఒక వంక వెతుక్కుంటుంది కదా. వయసు మీద పడుతోంది, కళ్ళజోడు మారిస్తే సరిపోతుంది అనుకున్నాను. సెలవుల్లో బస్సు ఎలాగూ మా వీధి చివర ఖాళీ స్థలంలో కదలకుండా నిలబడి ఉంది కదా అని ధైర్యం చెప్పుకున్నాను. బస్సులో ఆయనతో పాటు పిల్లల్ని ఎక్కించి దించే ఆయమ్మ తన కోటు కొలతలు ఇవ్వడానికి వచ్చేదాకా ఆ ధైర్యం అలాగే ఉంది.

"మీ ఆయన ఈ ఏడాది నాకు ప్రమోషన్ ఇచ్చాడక్కా" అంది చేతులు చాపి నిలబడి.

"ఏం ప్రమోషన్?" అన్నాను టేపు పట్టుకుని.

"ఎడమ పక్క అద్దం వదులైపోయి ఊగుతోందంట. ఎన్నిసార్లు చెప్పినా ఆఫీసువాళ్ళు బాగుచేయించట్లేదంట. అందుకని అటు పక్క చూసే పని నాకిచ్చాడు. తలుపు దగ్గర నిలబడి, ఏమైనా వస్తుంటే రేకు మీద ఒక దెబ్బ కొడతాను. ఖాళీగా ఉంటే రెండు కొడతాను. రెండు కొడితే తిప్పేస్తాడు. అంత నమ్మకం నా మీద!" అని మురిసిపోయింది. "ఇప్పుడు పిల్లలకి కూడా అది ఆటైపోయింది. మొన్న పరీక్షలప్పుడు వెనక సీట్లో ఎవడో గాడిద నాకన్నా ముందు రెండు కొట్టేశాడు. మీ ఆయన తిప్పేశాడు. పక్కనే సైకిలు మీద ఒకాయన! పాపం ఆయన సైకిలు వదిలేసి గట్టు మీదకి దూకాడు కాబట్టి సరిపోయింది. ఎన్ని తిట్లు తిట్టాడో, మేం ఒకటే నవ్వు."

నా చేతిలో టేపు జారిపోయింది. కొలత ఎంత వచ్చిందో చూడలేదు. "ఇంకోసారి నిలబడు" అన్నాను. రెండోసారి కూడా చూడలేదు.

ఆమె వెళ్ళగానే మిషన్ మీద గుడ్డ అలాగే వదిలేసి వీధి చివరికి నడిచాను. బస్సు ఎండలో నిలబడి ఉంది. టైరు మీద కాలు వేసి ఎక్కి ఎడమ పక్క అద్దాన్ని రెండు చేతులతో పట్టుకుని నా బలమంతా పెట్టి ఊపాను. అది ఇసుమంతైనా కదల్లేదు. అద్దంలో నా మొహం మాత్రం అటూ ఇటూ ఊగింది.

ఇంటికొచ్చేసరికి ఆయన గులాబీలకి నీళ్ళు పోస్తున్నాడు. నాకు దాచుకోవడం చేతకాదు.

"అద్దం గట్టిగానే ఉందండీ" అన్నాను.

నీళ్ళు పోస్తున్న చెయ్యి ఆగింది. "వెళ్ళి చూశావా?"

"చూశాను. ఎప్పట్నించి?"

ఆయన నీళ్ళ డబ్బా కింద పెట్టి గట్టు మీద కూర్చున్నాడు. "చలికాలం నించి అనుకుంటా. ఎప్పుడు మొదలైందో నాకే తెలీదు. నల్లగా ఏదైనా అడ్డం వస్తే తెలిసేదే. నల్లగా కూడా ఉండదు. అక్కడ అసలేమీ ఉండదు."

"రేపే డాక్టరు దగ్గరికి వెళ్దాం పదండి."

"వెళ్తే ఏదో ఒక జబ్బు పేరు చెప్తాడు. ఆ పేరు కాగితం మీద పడ్డాక నేను డ్రైవర్ని కాదు."

"మరి లైసెన్సుకి కళ్ళు చూస్తారుగా?"

"ఎదురుగా బోర్డు పెట్టి అక్షరాలు చదవమంటారు. ఎదురుగా ఉన్నవి నాకు దివ్యంగా కనబడతాయి."

"పిల్లలు ఎదురుగానే ఉంటారేంటండీ?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "ఎవరో వెనక సీట్లోంచి రెండు కొడితే తిప్పేశారంట!"

ఆయన లేచి నిలబడ్డాడు. "ఇన్నేళ్ళలో నా చేతుల మీద ఒక్క పిల్లాడికి గోరంత గీత పడిందా? చెప్పు! పడిందా?" అని అరిచాడు. పక్కింటి కిటికీ తెరుచుకుంది, మూసుకుంది. అంతలోనే గొంతు దిగిపోయింది. "భయంగా ఉందే. అది కూడా చేతిలోంచి పోతే ఇంక నేనేంటి? పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్ళను?"

నాకు ఆయన్ని పట్టుకుని ఏడవాలనిపించింది. కొట్టాలని కూడా అనిపించింది. రెండూ చెయ్యలేదు. "నాకూ భయంగానే ఉంది. స్కూలు తెరిచేలోపు మీరే వాళ్ళకి చెప్పండి. మీ నోటితో మీరే చెప్తే బాగుంటుంది. చెప్పకపోతే తెరిచిన రోజు నేను వెళ్ళి చెప్తాను. ఆ తర్వాత జన్మలో నాతో మాట్లాడకపోయినా సరే" అన్నాను.

"చెప్తావా?"

"చెప్తాను."

జన్మ దాకా ఆగలేదు, ఆ పూట నుంచే మాటలు మానేశాడు. అన్నం పెడితే తినేవాడు, ఆ తర్వాత గులాబీల దగ్గరికి వెళ్ళి కూర్చునేవాడు. డాక్టరు మాట ఎత్తితే లేచి వీధిలోకి పోయేవాడు. నాకేమో రోజంతా పిల్లలే. కొలతలకి ఒకడు, పాంటు పొట్టిదైందని ఒకడు. ఈ వీధిలో ఏ పిల్ల ఏడాదికి ఎంత పెరిగిందో వాళ్ళ అమ్మల కన్నా ముందు నా టేపుకి తెలుస్తుంది. వెనకటికి వాళ్ళతో వేళాకోళాలు ఆడుతూ కుట్టేదాన్ని. ఆ వేసవి వాళ్ళ భుజాలు కొలుస్తుంటే ఈ పిల్ల బస్సులో ఏ పక్క కూర్చుంటుందో, తలుపు దిగి ఏ పక్కకి పరిగెడుతుందో అనే ఆలోచనలే. ఒక చొక్కాకి రెండు చేతులూ ఎడమవే కుట్టాను.

పైగా మా అమ్మాయి ఒకటి. దానికి బేకరీలో తెల్లవారుజాము పని దొరికింది. పిడుగుని కూడా ఆ స్కూల్లోనే వేసింది. "నాన్న బండిలోనే కదమ్మా వెళ్ళేది. ఇంక నేను గుండె మీద చెయ్యేసుకుని పని చేసుకోవచ్చు" అంది. నేను సూది గుచ్చుకున్నట్టు నటించి వేలు నోట్లో పెట్టుకున్నాను.

పిడుగుకి బస్సు ఆటలన్నీ అప్పుడే వీధి పిల్లల దగ్గర్నించి వచ్చేశాయి. మా ఇనప గేటు మీద రెండు దెబ్బలు కొట్టి, "పోనీ తాతా, పోనీ!" అని అరిచేది. కొట్టిన ప్రతిసారీ నాకు పై ప్రాణాలు పైనే పోయేవి. ఆయన మొదట్లో నవ్వేవాడు. ఒకరోజు దాని చెయ్యి పట్టుకుని, "ఇంక కొట్టకమ్మా" అన్నాడు. "ఎందుకు?" అని అది అడిగేసరికి లోపలికి వెళ్ళిపోయాడు. స్కూలువాళ్ళకి చెప్తాడేమోనని గంపెడాశ పెట్టుకున్నాను. చెప్పలేదు.

స్కూలు తెరిచే రోజు వచ్చేసింది. మా వీధే మొదటి స్టాపు. ఆయన తెల్లారకుండానే లేచి, నేను ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని, నా వైపు చూడకుండా వెళ్ళి బస్సు తెచ్చి మా గేటు ముందు ఆపాడు. నేను చెప్పులు వేసుకుని సిద్ధంగా ఉన్నాను. ఏం చెప్పాలో రాత్రంతా కూడబలుక్కున్నాను. బస్సు ముందు అడ్డంగా నిలబడైనా సరే కదలనివ్వకూడదనుకున్నాను.

పిల్లలు నేను కుట్టిన బట్టల్లో ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ ఎక్కుతున్నారు. ఆయమ్మ కొత్త కోటులో తలుపు దగ్గర నిలబడి కేకలేస్తోంది. అందరూ ఎక్కాక పిడుగు సంచీ ఎగరేసుకుంటూ మెట్టు మీద కాలు పెట్టింది.

"పిడుగుని ఈవేళ నువ్వు నడిపించుకుని తీసుకెళ్ళు" అన్నాడు ఆయన. అన్ని రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అది. తల ఇటు తిప్పలేదు.

"ఎందుకూ?" అన్నాను.

"మొదటి రోజు కదా. కంగారు పడుతుంది."

"నాకేం కంగారు లేదు తాతా!" అంది పిడుగు.

"అమ్మమ్మతో వెళ్ళమ్మా. మా తల్లివి కదూ" అన్నాడు.

నేను కూడబలుక్కున్నదంతా ఎటు పోయిందో! పిడుగుని మెట్టు మీద నుంచి దింపి నా పక్కన నిలబెట్టుకున్నాను.

"సరేనండీ, దీన్ని నేను నడిపించుకెళ్తాను" అన్నాను. "మిగతావాళ్ళని ఎవరు తీసుకెళ్ళాలి?"

ఆయన రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. ఇంజను మోతకి బస్సంతా సన్నగా అదురుతోంది. వెనక సీట్లో ఎవరో రేకు మీద రెండు దెబ్బలు కొట్టారు. ఆయమ్మ "ఎవడ్రా అది!" అని గద్దించింది. మళ్ళీ రెండు దెబ్బలు పడ్డాయి. ఆయన తాళం తిప్పి ఇంజను ఆపేశాడు.

"ఆయమ్మా, పిల్లల్ని దింపు" అన్నాడు.

"ఏమైందన్నా? టైరా?"

"నాకు ఎడమ పక్క కనబడదు. చలికాలం నించి కనబడదు. అద్దం బాగానే ఉంది."

ఆయమ్మకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక రేకు మీద ఆన్చి ఉన్న చెయ్యి చురుక్కుమన్నట్టు వెనక్కి లాక్కుంది. "అంటే నేను కొట్టినదాన్ని బట్టే..." అంది.

"అవును" అన్నాడు.

ఆమె మెట్టు మీద కూలబడిపోయింది. ఆయన అక్కడి నుంచే ఆఫీసుకి ఫోన్ చేసి అదే మాట మళ్ళీ చెప్పాడు. పిల్లల్ని నేనూ ఆయమ్మా జంటలు జంటలుగా స్కూలుకి నడిపించుకుని వెళ్ళాం. ఆయమ్మ దారి పొడుగునా ఏడుస్తూనే ఉంది.

మధ్యాహ్నం ఆయన నా వెంట ఆసుపత్రికి వచ్చాడు, చంటిపిల్లాడిలా చెప్పిన మాటల్లా విన్నాడు. కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిందని, పసుపూ తెలుపూ తేడా తెలియకపోవడం కూడా అందువల్లేనని, పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నదాన్ని మందు చుక్కలతో కాపాడుకోవాలని డాక్టరు చెప్పింది. ఎంత ఉందో చూడాలని పక్క గదికి పంపింది. అక్కడ ఒక అమ్మాయి ఆయన ఒక కన్ను మూసి, గిన్నె ఆకారంలో ఉన్న తెల్లటి పరికరంలో తల పెట్టించి, చేతికి ఒక మీట ఇచ్చింది.

"ఎదురుగా ఉన్న చుక్కనే చూస్తూ ఉండండి. చుట్టూ చిన్న చిన్న దీపాలు వెలుగుతాయి. ఏది కనబడినా మీట నొక్కండి" అంది.

ఆ అమ్మాయి పక్కన నాకు కుర్చీ వేశారు. లోపల దీపం ఎక్కడ వెలిగితే ఆమె తెర మీద అక్కడ చుక్క పడుతోంది. కుడి పక్క చుక్క పడింది, మీట టిక్కుమంది. మళ్ళీ పడింది, మళ్ళీ టిక్కుమంది. ఆ తర్వాత ఎడమ పక్క పడింది. చప్పుడు లేదు. ఇంకొకటి, కాస్త పైన. చప్పుడు లేదు. ఇంకొకటి. నొక్కండి, నొక్కండి అని నా పెదాలు వాటంతట అవే కదులుతున్నాయి. ఆ అమ్మాయి నా మోచేతి మీద మెల్లగా చెయ్యి వేసింది. ఒకదాని తర్వాత ఒకటి చుక్కలు పడుతూనే ఉన్నాయి. ఆయన చుక్క మీద చూపు పెట్టి, మీట మీద బొటనవేలు సిద్ధంగా పెట్టుకుని, కదలకుండా కూర్చుని ఉన్నాడు. రెండో కంటికీ అంతే.

అంతా అయ్యాక తల బయటికి తీసి నుదురు తుడుచుకున్నాడు. పిడుగుని గేటు కొట్టొద్దన్న రోజు తర్వాత ఆయన మొహంలో నవ్వు చూడటం అదే మొదటిసారి.

"ఊరికే హడలిపోయానుగానీ చాలా తేలికేనే" అన్నాడు. "ఉన్నవే కాసిని దీపాలు. చూశావుగా, అన్నీ నొక్కేశాను. ఒక్కటి కూడా వదల్లేదు."

"చూశానండీ" అన్నాను.